లోపల వదిలిన గుడ్డ

అక్కని నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే మమ్మల్ని పక్కపక్కన చూసినవాళ్ళెవరూ నమ్మేవారు కాదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, మా తమ్ముడు లోహిత్‌కి ఆరు. వాడి చెయ్యి పట్టుకుని బజారుకు వెళ్తే, "మీ అన్నయ్యా పాపా?" అని అడిగేవారు. "కాదు, తమ్ముడు" అంటే నవ్వేసి, వాడికేసి తిరిగి, "మీ చెల్లి భలే తమాషాగా మాట్లాడుద్దే" అనేవారు. ఇంట్లో వాడి పేరు చంటి. మా కాకినాడలో ఏ ఇంట చూసినా కడగొట్టువాడు చంటే. మా చంటి మాత్రం గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు వచ్చేది కాదు.

ఒంట్లో ఎదుగుదలకి కళ్ళెం వేసే జన్యువు ఒకటి ఉంటుందట. అది వాడిలో సరిగా పని చేయడం లేదని డాక్టర్లు చెప్పారు. ఎముకలు, కండ, తల అన్నీ తొందరపడిపోతున్నాయి. బుద్ధి మాత్రం వయసుతోపాటు, ఇంకాస్త వెనకగా, తన తీరున తను నడుస్తోంది. దీన్ని లోకానికి ఎలా చెప్పాలి? పదకొండేళ్ళవాడిలా కనిపించే పిల్లాడు బజారులో బొమ్మ కోసం కింద పడి దొర్లితే, "తాడిచెట్టంత ఎదిగావు, బుద్ధుండక్కర్లా?" అనని మనిషిని నేను చూడలేదు. ఆ మాట అన్న ప్రతివాళ్ళనీ కరవాలనిపించేది నాకు. ఒకసారి ఒకావిడని కరిచాను కూడా.

అసలు చిక్కు జనం మాటలు కాదు. తన ఒళ్ళు ఎంతుందో చంటికే తెలియదు. కిటికీ ఊచల మధ్య నుంచి దూరబోయి తల ఇరికించుకునేవాడు. దాగుడుమూతల్లో స్టూలు వెనక కూర్చుని, తను కనిపించడం లేదని నిజంగా నమ్మేవాడు. నా ఒళ్ళో కూర్చుంటానని వచ్చి నన్ను నేలకి అంటించేసేవాడు. యూకేజీలో పండు అనే పిల్లాడంటే వాడికి ప్రాణం. జ్వరం తగ్గి పండు బడికొచ్చిన రోజు, చంటి పరిగెత్తుకెళ్ళి వాటేసుకున్నాడు. పండుకి మెడ కింద ఎముక విరిగింది. ఇలాంటివాణ్ణి పసిపిల్లల మధ్య కూర్చోబెట్టలేమని బళ్ళో చెప్పేశారు.

"నేను మెల్లిగానే పట్టుకున్నానక్కా" అన్నాడు ఆ సాయంత్రం, అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటూ. వాడు అబద్ధం చెప్పలేదు. వాడి లెక్కలో అది మెల్లిగానే.

మా అమ్మ సత్యవేణి జాకెట్లు కుడుతుంది. వీధి గదిలోనే మిషను. సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెచ్చివ్వాలి, దాన్నే ఆది అంటారు, దాన్ని పరిచి కొలిచాకే కొత్త గుడ్డ మీద కత్తెర పెడుతుంది. ఆది లేకుండా అమ్మ ఎవరి గుడ్డా ముట్టుకోదు. చంటికి మాత్రం ఆది పనికొచ్చేది కాదు. పోయిన నెల చొక్కా ఈ నెల భుజాల దగ్గర పిగిలేది. అందుకని వాడి బట్టలకి పక్కల్లోనూ అంచుల్లోనూ లోపలికి గుడ్డ బాగా వదిలి కుట్టేది. బిగువైనప్పుడల్లా ఒక కుట్టు విప్పేది. మా చంటి చొక్కాలు లోపల చూస్తే సగం గుడ్డ మడతల్లోనే ఉండేది.

విశాఖలో సముద్రం కనిపించే కొండ మీద ఒక పరిశోధన కేంద్రం ఉందని, అక్కడ డాక్టర్ ఇందుమతి అనే ఆవిడ ఇలాంటి పిల్లల కోసమే ఏదో కనిపెడుతోందని నాన్నకి ఎవరో చెప్పారు. నాన్న గంగరాజు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మిగతా విషయాల్లో ఎలా ఉన్నా ఆశ పడడంలో మాత్రం జమీందారు. మర్నాడే మమ్మల్నందర్నీ రైలెక్కించేశాడు.

ఇందుమతి సన్నగా, పొట్టిగా ఉంది. చంటి పక్కన నిలబడితే ఇద్దరూ ఒకే ఎత్తు. వాడి చెయ్యి బల్ల మీద పెట్టించి, కనిపించకుండా పైన ఒక పలక అడ్డం పెట్టింది.

"నీ చూపుడువేలి కొస ఎక్కడుంది నాన్నా? పుల్లతో పలక మీద చూపించు."

వాడు చూపించాడు. ఆవిడ అక్కడ చుక్క పెట్టింది. బొటనవేలు, చిటికెనవేలు, మణికట్టు, ఒక్కొక్కటే అడిగి చుక్కలు పెట్టి కలిపింది. పలక మీద ఒక చెయ్యి తేలింది. నా చెయ్యి కన్నా చిన్నది. పలక ఎత్తితే కింద నాన్న చెయ్యంత చెయ్యి ఉంది.

"చూశారా," అంది ఇందుమతి. "మనందరికీ మెదడులో మన ఒంటి బొమ్మ ఒకటి ఉంటుంది. గుమ్మంలో పడతామా లేదా, ఎంత గట్టిగా పట్టుకోవాలి, అన్నీ దాన్ని బట్టే. మీవాడి ఒళ్ళు ముందుకెళ్ళిపోయింది, బొమ్మ మూడేళ్ళ దగ్గరే ఉండిపోయింది."

"అయితే ఆ బొమ్మ మార్చేత్తారాండీ?" అన్నాడు నాన్న.

"దానికోసమే ఈ తంటా అంతా."

ఆ తంటా పేరు పలకడానికి మాకు నోరు తిరగలేదు. మేం దాన్ని ఎరుక చొక్కా అన్నాం, కొన్నాళ్ళకి ఇందుమతి కూడా అలాగే అనడం మొదలుపెట్టింది. మెడ నుంచి చీలమండల దాకా ఒంటిని పట్టుకునే మెత్తటి చొక్కా, దాని నిండా ఆవగింజలంత మీటలు. తలకి ఒక టోపీ. చొక్కా ఒంటి మీద ఎక్కడ మీటితే, టోపీ అదే క్షణంలో మెదడులో అక్కడ కొత్త హద్దు గీస్తుంది. చంటి మొదట చక్కిలిగింతలకి పకపకా నవ్వాడు. కాసేపటికి కళ్ళు తేలేసి వాంతి చేసుకున్నాడు. ఉన్నట్టుండి ఒళ్ళు పెద్దదైపోతే ఎవరికైనా తల తిరుగుతుందని ఇందుమతి చెప్పింది.

మర్నాడు పొద్దున్న వాడు మంచం మీద కూర్చుని, తన మోకాళ్ళని ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత లేచి గుమ్మంలోంచి, భుజం తగలకుండా, అవతలికి వెళ్ళాడు. అంతే. అమ్మ ఆసుపత్రి గచ్చు మీదే కూలబడి ఏడ్చింది.

ఆ ఆనందం రెండు నెలలు కూడా నిలవలేదు. వాడు పెరుగుతూనే ఉన్నాడు, కొత్త బొమ్మ కూడా పాతబడిపోయింది. మళ్ళీ విశాఖ, మళ్ళీ టోపీ, మళ్ళీ వాంతులు. నాలుగోసారికి టోపీ చూస్తేనే మంచం కిందకి దూరేవాడు, అదీ సగమే పట్టేవాడు. అన్నిటికన్నా పెద్ద బెంగ ఇంకోటి ఉంది. ఏడేళ్ళు దాటితే ఆ బొమ్మ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత దాని మీద గీత పడదని ఇందుమతి ముందే చెప్పింది.

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గదండీ," అని నాన్న నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. చంటికి ఏడు నిండడానికి అట్టే వ్యవధి లేదు.

అప్పుడు అమ్మ నోరు విప్పింది. అంతవరకూ ఆ గదిలో అమ్మ పెద్దగా మాట్లాడింది లేదు.

"మేడంగారూ, నాకు చదువు లేదు, తప్పైతే ఏవనుకోకండి. ఎదిగే పిల్లలకి ఒంటికి అతుక్కుని కుడితే ఎన్నాళ్ళొత్తాయండీ? లోపల గుడ్డ వదుల్తాం. ఎదిగిన కొద్దీ కుట్టు విప్పుకుంటాం. మీ బొమ్మలో కూడా అలా కాత్త వదలకూడదాండీ?"

ఇందుమతి మొదట నవ్వింది. తర్వాత పెన్ను బల్ల మీద పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "వదలొచ్చు," అంది చివరికి. "తనంతట తనే పెరిగే బొమ్మ. వీడి ఎదుగుదల ఎంత వేగమో మన దగ్గర ఉంది కదా, ఆ వేగమే దానికి నేర్పుతాం. ఎదుగుదల తగ్గితే కీళ్ళే దానికి కబురు చెబుతాయి, అదీ తగ్గుతుంది. ఎన్నాళ్ళుగానో కొట్టుకుంటున్నానమ్మా, మీరు ఒక్క మాటలో తేల్చేశారు."

అమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. నాన్న తిరుగు రైల్లో ఎదురు సీటువాళ్ళకి కూడా ఆ సంగతి చెప్పాడు. నా పెళ్ళాం మాటతో డాక్టరుగారికే దారి దొరికిందని. నాకూ గర్వంగానే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రైలు పట్టాలు తప్పినా బాగుండుననిపిస్తుంది.

ఆ పెరిగే బొమ్మ కోసం అయిదోసారి వేసిన ఎరుక చొక్కాయే ఆఖరుది. ఆ తర్వాత ఒక ఏడాది మా ఇంటికి పండగ. చంటి ఏదీ పగలగొట్టలేదు. కోడిగుడ్లు తెచ్చేవాడు. బళ్ళో మళ్ళీ చేర్చుకున్నారు. ఒక ఆదివారం పండు వాళ్ళమ్మ వాణ్ణి వెంటబెట్టుకుని జాకెట్టుకి ఆది ఇవ్వడానికి వచ్చింది. పండు వాళ్ళమ్మ చీర చాటున దాక్కున్నాడు. చంటి మెల్లిగా దగ్గరికెళ్ళి చేతులు చాచి, ఆగి, తన చేతులకేసి ఒకసారి, పండు భుజాలకేసి ఒకసారి చూసి, అప్పుడు పట్టుకున్నాడు. గాలి ఆడేంత వదులుగా పట్టుకున్నాడు. పండు కిచకిచ నవ్వి, "ఒరే, గట్టిగా పట్టుకోరా, ఏం కాదులే" అన్నాడు. అమ్మ చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. ఇద్దరు పిల్లలూ సందులోకి గోళీలు ఆడడానికి పారిపోయారు.

ఎనిమిదేళ్ళప్పుడు చంటి ఎదుగుదల మందగించింది. ఈ జబ్బున్న కొందరిలో అలా జరుగుతుందట. మిగతా పిల్లలు నెమ్మదిగా వీణ్ణి అందుకుంటారు. ఆ మాట విన్న రోజు నాన్న బుట్టెడు కాజాలు తెచ్చి వీధంతా పంచాడు. అమ్మ కొత్త చొక్కా కుడుతూ మొదటిసారి లోపల గుడ్డ తక్కువ వదిలింది.

తర్వాత ఒక పొద్దున్న చంటి గుమ్మం దగ్గర తల వంచాడు. గుమ్మం వాడి తలకి బోలెడు ఎత్తున ఉంది. అందరం నవ్వాం. "రాజావారు కిరీటం పెట్టుకున్నారేటి?" అని నాన్న ఆటపట్టించాడు. వాడు కూడా నవ్వాడు గానీ మర్నాడూ వంచాడు. అన్నం తినేటప్పుడు ముద్ద నోటి దాకా రాకుండా నాలుగు వేళ్ళ ముందే ఆగిపోయేది. వాడు అక్కడే నోరు తెరిచి గాలి కొరికేవాడు. ముద్ద ఒళ్ళో పడేది. ఏమైందో తెలియక వాడు ముద్దకేసి చూసేవాడు, మేం వాడికేసి చూసేవాళ్ళం. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆదివారం తలంటు రోజున తెలిసింది మాకు. అమ్మ అరచేతిలో నూనె పోసుకుని వాడి మాడు మీద చెయ్యి వేసింది. వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అమ్మా, నీ చెయ్యి లోపలికొచ్చేత్తంది! తీసెయ్! బుర్రలోకొచ్చేత్తందమ్మా!"

వాడి మెదడుకి వాడి ఒళ్ళు నాలుగు వేళ్ళ అవతల మొదలవుతోంది. అసలు చర్మం మీద ఏది తగిలినా, అది ఒంట్లోకి దిగబడినట్టే వాడికి. చొక్కా గుచ్చుకునేది. దుప్పటి గుచ్చుకునేది. అమ్మ చెయ్యి అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకునేది.

విశాఖలో మళ్ళీ అదే బల్ల, అదే పలక. ఈసారి చుక్కలు కలిపితే తేలిన చెయ్యి పలక అంచు దాకా వచ్చింది. పలక ఎత్తితే కింద మా చంటి చెయ్యి పసిపిల్లాడి చెయ్యిలా కనిపించింది. ఇందుమతి పలక పక్కన పెట్టేసింది.

"ఎదుగుదల తగ్గితే కీళ్ళు కబురు చెబుతాయనుకున్నాను. చెబుతున్నాయి. బొమ్మ వినడం లేదు. దానికి పెరగడం ఒక్కటే నేర్పాం, అదే అలవాటు చేసుకుంది."

"విప్పెయ్యండి మేడంగారూ," అంది అమ్మ. "ఎంత కుట్టయినా విప్పొచ్చు కదండీ. నెమ్మదిగా, గుడ్డ చిరక్కుండా విప్పుదురు గాని."

"అక్కడ దారం లేదమ్మా. ఏడేళ్ళు దాటాయి, కొత్త గీత కూడా పడదు. ఇప్పుడు అదే వాడి ఒళ్ళు."

"అయితే ఎప్పటికాగుద్దండీ అది?" అన్నాడు నాన్న.

ఎప్పటికాగుతుందో ఇందుమతికీ తెలియదు. తప్పు నాదేనమ్మా, మీ మాట గుడ్డకి సంబంధించింది, దాన్ని మనిషికి పెట్టింది నేను, అని అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. అమ్మ ఓదార్చలేదు, తిట్టలేదు. "నా నోరు పడిపోను" అని మాత్రం అంది. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు అదే మాట అంటూ ఉండేది. ఆ పరిశోధన ఆపేశారు. ఇందుమతి ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. అమ్మ ఎత్తుతుంది. "ఎలా ఉన్నాడు?" అని ఆవిడ, "ఉన్నాడండి" అని అమ్మ.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, చంటి ఇప్పుడు చూడ్డానికి అందరిలాంటి పిల్లాడే. పదమూడేళ్ళొచ్చాయి. క్లాసు ఫొటోలో మూడో వరస కొసన ఉన్నాడు, తలలు మాత్రమే కనిపిస్తాయి, వేలు పెట్టి చూపించకపోతే ఎవరూ పోల్చుకోలేరు. ఒకప్పుడు మేం దేవుళ్ళందరికీ మొక్కుకున్నది సరిగ్గా ఇదే. ఒంటికి తగిన బుద్ధి లేదని ఇప్పుడు ఎవరూ అనరు. బెంచీ చివర ఒక్కడే కూర్చుంటాడు, బస్సెక్కడు, వరస మధ్యలో నిలబడడు, ఎవరైనా పక్కనుంచి వెళ్తే ఉలిక్కిపడి గోడ వైపు జరుగుతాడు. "మీవాడికి పొగరు కాబోలు" అంటారు జనం. అద్దం ముందు పెట్టుకుని, అందులో చూసుకుంటూ అన్నం తింటాడు. అద్దంలో కనిపించేది తనేనని తెలుసు. తెలిస్తే మాత్రం ఏం లాభం?

పండు చాలాకాలం అంటిపెట్టుకునే ఉన్నాడు. ఇప్పుడు వాడు చంటి కన్నా పొడుగు. మాట్లాడేటప్పుడు ఎంత దూరంలో నిలబడాలో నేర్చుకున్నాడు, "ఇక్కడా? ఇంకా వెనక్కా?" అని అడిగి మరీ నిలబడేవాడు. కిందటి వేసవిలో క్రికెట్టు నెగ్గిన సంతోషంలో ఒళ్ళు మరిచి చంటి భుజం మీద చెయ్యేశాడు. చంటి అరిచిన అరుపుకి మైదానం మైదానమంతా తిరిగి చూసింది. పండు తెల్లబోయాడు. "సారీరా" అని ఇంటి దాకా దూరంగా నడుస్తూనే వచ్చాడు. ఆ తర్వాత రావడం తగ్గించాడు. వాణ్ణి నేను తిట్టుకోలేను, వాడూ పిల్లాడే.

చొక్కాల సంగతి అమ్మే కనిపెట్టింది. గుచ్చుకుంటున్నాయని చంటి ఒంటి మీద బట్ట నిలవనిచ్చేవాడు కాదు. ఒకరోజు అమ్మ టేపు పట్టుకుని వాడి ముందు నిలబడింది. "నీ ఒళ్ళెక్కడిదాకా ఉందో నువ్వే చెప్పు నాన్నా" అంది. టేపుని గాలిలో వాడి చుట్టూ తిప్పుతూ దూరంగా జరిపింది. "ఇక్కడా?" "కాదమ్మా, ఇంకా అవతలికి." "ఇక్కడా?" "ఆఁ." అమ్మ జీవితంలో మొదటిసారి ఆది లేకుండా, కంటికి కనిపించని ఒంటికి కొలత తీసింది.

టేపు రెండు కొసలూ వాడి వెనక కలిపి పట్టుకున్నప్పుడు అమ్మ చేతులు రెండూ వాడి చుట్టూ ఉన్నాయి. ఎక్కడా వాణ్ణి తాకడం లేదు, చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ. చంటి అమ్మ చేతులకేసి రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు. "తగుల్తన్నావు."

అమ్మ చేతులు అక్కడే ఆపేసింది.

"నెప్పెడతందా నాన్నా?"

"లేదు. బాగుంది. తియ్యకు."

కళ్ళతో చూస్తే, బొమ్మ హద్దు ఎక్కడుందో అక్కడ వాడి మెదడు స్పర్శని కల్పించుకుంటుందట. ఇందుమతి తర్వాత ఫోనులో చెప్పింది. కళ్ళు మూసుకుంటే పోతుంది. అందుకని వాడు కళ్ళు మూసుకోలేదు. అమ్మ చేతులు లాగేదాకా అలాగే నిలబడింది, గాలిని వాటేసుకుని, వాడి వెచ్చదనం కూడా తగలనంత దూరంలో. వాడికి అమ్మ దొరికింది, అమ్మకి వాడు దొరకలేదు. ఆ రాత్రి అమ్మ మిషను మీద తల పెట్టి ఏడుస్తుంటే, నాన్న లైటు ఆర్పకుండా పక్కనే కూర్చున్నాడు.

అప్పటి నుంచీ పొద్దున్న బడికెళ్ళే ముందు చంటి వచ్చి మిషను పక్కన నిలబడతాడు. అడగడు. అమ్మ కుట్టు ఆపి లేచి, చేతులు చాస్తుంది. వాడు చూస్తూ ఉంటాడు, తర్వాత సంచీ తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ ఒక్క కాసేపే వాణ్ణి లోకంలో ఎవరైనా ముట్టుకునేది.

ఆ కొలతకి కుట్టిన చొక్కా భుజాల మీద తప్ప ఎక్కడా ఆనదు కనక వాడు ఓర్చుకుంటాడు. ఆ చొక్కాలు ఏడాది ఏడాదికీ పెద్దవవుతున్నాయి. పిల్లాడు కాదు, చొక్కాలు. వీధిలో పిల్లలు వాణ్ణి గుడారం అంటారు. నాలుగు వేళ్ళ ఖాళీ కాస్తా ఇప్పుడు జానెడైంది. అమ్మ చేతులు మాత్రం పెరగవు కదా. వెనక వేళ్ళు అందుకోలేక కొన్నాళ్ళు చీర కొంగు చాపి కలుపుకుంది. కొంగు వాడికి తగల్లేదు. గుడ్డ వేరు, అమ్మ వేరు అని వాడికి తెలుసు.

ఈ మధ్య ఒక పొద్దున్న అమ్మ చేతులు చాచి నిలబడింది. చంటి ఆవిడ చేతుల మధ్య ఉన్న ఖాళీకేసి చూశాడు. "రాట్లేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. ఏడవలేదు. సంచీ భుజానికి తగిలించుకోబోయి, అదీ గుచ్చుకుంటుంది కనక చేత్తో పట్టుకున్నాడు.

"ఉండు," అని నన్ను పిలిచింది అమ్మ. "నీరూ, ఇలా రావే. అటుపక్క నిలబడు."

నేను వెళ్ళి వాడి వెనక నిలబడ్డాను. అమ్మ ముందు నుంచి, నేను వెనక నుంచి చేతులు చాచి, వాడికి అటూ ఇటూ ఒకళ్ళ వేళ్ళు ఒకళ్ళం పట్టుకున్నాం. అమ్మ వేళ్ళకి సూది పోట్ల గరుకు ఉంది. చంటి తల అటూ ఇటూ తిప్పుతూ, మా చేతులు ఎక్కడా తెగకుండా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. వాడి మెడ మీద చిన్నప్పటి పుట్టుమచ్చ కనిపిస్తోంది. ముద్దు పెట్టుకునేంత దగ్గరలో ఉంది. పెట్టుకోలేదు.

"ఇప్పుడు తగుల్తన్నారు," అన్నాడు.

అమ్మా నేనూ ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. మా ఇద్దరి చేతులూ అప్పటికే పూర్తిగా చాచి ఉన్నాయి. వచ్చే ఏడాదికి నాన్నని కూడా పిలవాలి.